పక్క కుర్చీలో ఆవిడ

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. ల్యాబ్‌లో చేరినవాళ్లకు మొదటిరోజే ఆమె చెప్పే మాట అది.

ఇంట్లో చంటిదానికి పాలవేళ అయిందన్న తొందరలో ఆమే మూత పెట్టబోయింది.

చూపుడువేలి మీద చిన్న రక్తపుచుక్క.

సూదిలో ఉన్నది ఎలుకల్లో కణితులు పుట్టించే వైరస్.

వేలు కడిగి కట్టు కట్టించుకుంది. బిడ్డకు డబ్బాపాలు పట్టమని అత్తగారికి ఫోన్ చేసింది. డాక్టరు గది బయట ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంది.

పక్క కుర్చీలోకి ఒక పెద్దావిడ వచ్చి చేరింది. బిడ్డకెన్నో నెలని ఆరా తీసింది. నొప్పిగా ఉందా అంటూ కట్టున్న చేతినే పట్టుకోబోయింది.

చాచిన ఆవిడ మోచేతి మడతలో గుంపుగా పాత సూదిమచ్చలు.

ఏం రోగమో, ఏం మత్తో. పులి మీద పుట్రలా ఇదొకటా అనుకుంది.

"కాస్త దూరంగా కూర్చోండి."

"ఏం కాదమ్మా. ఇంటికెళ్లి హాయిగా పాలివ్వు."

"మీకేం తెలుసని చెబుతున్నారు? నన్ను ముట్టుకోకండి."

"భయం అలాగే మాట్లాడిస్తుందిలే," అంటూ ఆవిడ సంచీ తీసుకుని, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

లోపల డాక్టరు నిదానంగా చెప్పాడు. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రోటీన్ ఒకటుంటుంది. ఎలుకలో ఈ వైరస్ ప్రోటీన్ ఆ కాపలాదారుని పట్టుకుని కట్టిపడేస్తుంది. మనిషిలో దాని ఆకారం వేరు, పట్టు చిక్కదు.

అదామెకు తెలియంది కాదు. ఆమె పరిశోధనే అది.

"అది గాజుపళ్లెంలో కణాల సంగతి సార్. ఒంట్లో కూడా పట్టు చిక్కదని ఎవరు చూశారు?"

"ఏళ్ల తరబడి చూస్తున్నాం. ఎలుకల బోనులు కడుగుతుండగా ఇదే వైరస్ ఉన్న సూది గుచ్చుకుంది ఒకరికి. రేపు ఇంకెవరికైనా పనికొస్తుందని, పిలిచినప్పుడల్లా వచ్చి రక్తం ఇస్తారు. ఇంతవరకూ ఒక్క కణం చెడలేదు. నిశ్చింతగా పాలివ్వండి."

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒక్కసారి ఆ చేతులు పట్టుకోవాలని ఉంది, ఎవరు సార్ ఆ మనిషి అని అడిగింది.

డాక్టరు తలుపు తీసి ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"మీ పక్కనే కూర్చుని ఉండాలే ఆవిడ, మీరు భయపడుతుంటారని తోడుకి నేనే పిలిపించాను."