ముందు నోరు విప్పినవాళ్ళు

"ప్రభువా, ఈ పొద్దున మమ్మల్ని లేపినందుకు నీకు స్తోత్రం," అంటూ డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. "ఈ ఇంట్లో ఒకరు మూడు రోజులుగా మూతి ముడుచుకుని తిరుగుతున్నారు. ఆ మనిషికి కాస్త నవ్వు దయచెయ్యి తండ్రీ. అలాగే నా నీలం చొక్కా ఎక్కడ పెట్టిందో కూడా ఆ మనిషికి గుర్తుచెయ్యి. ఆమేన్."

టేబులుకు అవతల కూర్చున్న భార్య ఆమేన్ అనలేదు. తన ప్రార్థన తాను మొదలుపెట్టింది.

"పరిశుద్ధుడా, చొక్కా తలుపు వెనక కొక్కేనికే ఉంది. కళ్ళుండీ వెతుక్కోలేనివారిని కనికరించు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, 'నా భార్య నోరు రోజుకు ఎనిమిది గంటలు బస్టాండంతా వింటుంది, మిగతా పదహారు గంటలూ నేనొక్కణ్ణే వింటున్నాను, నాకిచ్చిన ఓర్పుకు దేవుడికి స్తోత్రం' అని సంఘమంతటినీ నవ్వించినవారిని కూడా కనికరించు. తప్పయిందని వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పేదాకా నా నోరు వాళ్ళకు వినపడకుండా కాపాడు. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్."

"ప్రభువా," అని డ్రైవరు మళ్ళీ కళ్ళు మూశాడు. "ముందు నోరు విప్పేది ఎవరో నువ్వే చూస్తావు గదా. ఆమేన్."

ఆదివారం నుంచీ ఇదే వరస. గ్యాస్ అయిపోయిన సంగతీ, కుళాయి కారుతున్న సంగతీ అన్నీ దేవుడి మీదుగానే అటూ ఇటూ నడిచాయి.

అయితే ఆ రోజు డ్రైవరుకు లోపల గుబులుగా ఉంది. వెళ్ళాల్సింది కొండదారి రూటు. వెళితే మర్నాటికి గానీ తిరిగి రాడు. పైగా తెల్లారినప్పటినుంచీ వాన. ఆ రూటుకు బయల్దేరిన ప్రతిసారీ గుమ్మం దగ్గర భార్య అతని భుజం మీద చెయ్యి వేసి, నాలుగు మాటలు ప్రార్థన చేసి పంపుతుంది. అందుకని గుమ్మం దగ్గర నిలబడి, కట్టిన బూట్లే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఆమె గొడుగు తీసుకుని అతని పక్కనుంచే చక్కా వెళ్ళిపోయింది. బస్టాండులో అనౌన్సరు డ్యూటీకి ఆమెకూ వేళవుతోంది.

పదిన్నరకు బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద నిండిపోయింది. డ్రైవరు మాత్రం గుడ్డ పట్టుకుని ముందు అద్దం తుడుస్తున్నాడు.

"పోదామా అన్నా?" అన్నాడు కండక్టరు.

"ఉండు, అనౌన్స్‌మెంట్ కానీ."

"రెండుసార్లు అయిందిగా! వదిన గొంతు నీకు వినపడలేదా?"

"అద్దం మసగ్గా ఉంది."

"ఇంకా తుడిస్తే అరిగిపోతుంది అన్నా. వెళ్ళి వదినతో ఒక్క మాట మాట్లాడి రారాదూ?"

"నేనా? నా వల్ల కాదు," అంటూ డ్రైవరు సీట్లో కూలబడి తాళం తిప్పాడు.

అప్పుడే స్టాండులోని స్పీకర్లన్నీ గరగరమన్నాయి.

"ప్రభువా..."

పేపరు చదువుతున్నవాళ్ళూ, టికెట్ల వరసలో నిలబడినవాళ్ళూ తలలెత్తారు.

"ప్రభువా, నాలుగో ప్లాట్‌ఫారం మీదున్న బండిని నీ చేతుల్లో పెడుతున్నాను. అందులో ఎక్కినవాళ్ళందరినీ క్షేమంగా దించు. దాన్ని నడిపే మనిషి ఒట్టి మొండి. కానీ ముసలివాళ్ళు రెండో కాలు కూడా కిందపెట్టేదాకా బండి కదపడు. అది నీకూ తెలుసు. వానపడితే ఆయనకు ఎడమ మోకాలు సలుపుతుంది. మందు ఆయన సంచి పక్క జేబులో పెట్టాను, రాసుకోమని గుర్తుచెయ్యి. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినందుకు నాకింకా కోపంగానే ఉంది. ఆ కోపం నా దగ్గరే ఉండనీ తండ్రీ, దాన్ని మాత్రం ఆ బండి ఎక్కనివ్వకు..."

"ఆమేన్," అంది ముందు సీట్లోని ముసలమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. వెనక సీట్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అయ్యో, వదిన మైకు ఆపడం మరిచిపోయినట్టుంది!" అన్నాడు కండక్టరు.

అతని మాట పూర్తికాకముందే డ్రైవరు కిందికి దూకాడు. అద్దం తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది. వానలో పరుగెత్తుకుంటూ వెళ్ళి అనౌన్సరు గది తలుపు తోశాడు. మైకు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. దాని ముందు ఆమె కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని కూర్చుంది.

"ఏమోయ్! మైకు! మైకు ఆన్‌లో ఉంది!"

ఆమె కదల్లేదు.

"నా మోకాలి సంగతి కూడా ఊరంతటికీ తెలిసిపోయిందే! నాదే తప్పు, సరేనా? సాక్ష్యం పేరుతో నిన్నలా అనకుండా ఉండాల్సింది. నీ గొంతు వినపడకపోతే ఇల్లు ఇల్లులా లేదు, నాకు బండి తీయబుద్ధి కావడం లేదు. తప్పయింది తల్లీ, ముందా మైకు ఆపు!"

అన్నాక గాని అతనికి తెలియలేదు, తన గొంతు ప్లాట్‌ఫారాలన్నిటి మీదా మోగుతోందని. బయట ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్ళు అందుకున్నారు.

"ఆమేన్," అని ఆమె కళ్ళు తెరిచింది. అవి తడిగా ఉన్నాయి. వానకు తడిసిన అతని భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మైకు మీట చూడకుండానే నొక్కింది. ఎర్ర లైటు ఆరిపోయింది.

"ముందు నోరు విప్పింది ఎవరో ప్రభువు చూశాడు లెండి," అంది నవ్వుతూ. "అయినా, పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను, ఒక్కసారైనా మైకు ఆపడం మరిచిపోయానాండీ?"