సందులో బంతి

ఇలా దగ్గరికి జరగండి, అరిచి చెప్పే కథ కాదిది.

"బంతి కింద పడిందక్కా," అంది చెల్లెలు.

అక్కాచెల్లెళ్లవి పక్కపక్క ఇళ్లు. నడుమ పిడికిలి పట్టేంత సందు. ఎప్పుడో పిల్లలు విసిరిన బంతి, పైన పిట్టగోడల మధ్య ఇరుక్కుని ఏళ్లుగా అక్కడే ఉంది. ఆ పొద్దున నేలమీద కనబడింది.

"గాలికి పడుంటుందిలే."

"అన్ని గాలివానలకు రానిది నిన్నటి పిల్లగాలికి వచ్చిందా?"

"అయితే నీ ఇల్లే జరుగుతోందేమో. తాతలనాటి మట్టిగోడలాయె. మీ బావ మా ఇంటికి పోయించిన ఇనుముతో వంతెన కట్టొచ్చు."

అక్క నవ్వుతూనే అంది. చెల్లెలి గుండెల్లో మాత్రం రాయి పడింది. సందు పక్క గదిలోనే ఉయ్యాల, అందులో నెలల పాప.

బొమ్మలకు మోటార్లు, దీపాలు బిగించి అమ్ముకునే మనిషి కాబట్టి తిన్నగా విడిభాగాల కొట్టుకు వెళ్లింది.

"వెంట్రుకంత కదలిక కొలవాలి. నా బొమ్మల బోర్డుకే తగిలించాలి."

కొట్టతను శబ్దం పంపి దూరం చెప్పే సెన్సరు ఇచ్చాడు. అక్కడే తగిలించి చూస్తే, ఎదుటి గోడ కదలకపోయినా అంకెలు కోతుల్లా గెంతాయి.

"ఇది జానలు కొలిచేది. నాకు పనికిరాదు."

"లేజరుది చూడమ్మా."

"ఇదీ కోతే, కాకపోతే పిల్లకోతి."

"అయితే అయస్కాంతమూ, దాన్ని పసిగట్టే ఈ బిళ్లా తీసుకెళ్లు. దగ్గరగా పెడితే దీని కళ్లు కప్పలేం. ఒకటే మాట, రెండింటి మధ్య ఎడం తప్ప ఇంకేమీ చెప్పదు."

"నాకు కావలసిందీ అదేగా."

తన గోడకు ఇనప కమ్మీ బిగించి కొసన అయస్కాంతం అంటించింది. దానికి ఎదురుగా అక్క గోడమీద బిళ్ల. ఇక చూసినప్పుడల్లా ఎడం పెరగడమే కానీ తగ్గడం లేదు. చివరికి పాపను చంకనేసుకుని అక్క గుమ్మం ఎక్కింది.

"మా ఇంట్లో పడుకోబెట్టవే, కొండలాంటి ఇల్లు," అంటూ అక్క గది తలుపును భుజంతో నెట్టింది. "ఈమధ్య నేలను గీరుతోంది. చెక్క ఉబ్బినట్టుంది, వడ్రంగిని పిలవాలి."

పాప నిద్రపోయింది. గిన్నెల చప్పుడు వినబడకుండా అక్క తలుపు లాగేసింది.

చెల్లెలి ప్రాణం కుదుటపడింది. ఇంటికొచ్చి పాప బట్టలు మూట కడుతుండగా, కబురంపిన తాపీమేస్త్రి వచ్చాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి గుండు కట్టి సందు వైపు గోడ వెంట వేలాడదీశాడు. గుండు ఊగుతోంది.

సందు అవతలి కిటికీలోంచి అక్క కేక వినబడింది. "ఒసే, తలుపు బిగిసిపోయిందే. పాప లోపలే ఉంది, వచ్చి ఓ చెయ్యి వెయ్యవే."

"వస్తున్నానక్కా," అని చెల్లెలు మూట కింద పెట్టింది.

గుర్తుంచుకుని మీ వాళ్లకూ చెప్పండి ఈ కథ. మేస్త్రి మాట దగ్గరే ఆపండి. ఊగడం మానేసిన గుండును చూసి అతను అన్నాడు:

"ఒరిగింది ఈ గోడ కాదమ్మా."