చాదస్తం మెడికల్స్

బోర్డు మీద ఏ పేరున్నా, వీధిలో అందరూ ఆ మందుల షాపుని చాదస్తం మెడికల్స్ అనేవాళ్ళు. దగ్గు మందు అడిగినా ఫార్మసిస్టు ముందు పది ప్రశ్నలు వేసేవాడు. ఇంకేం మందులు వాడుతున్నారు, బీపీ ఉందా, కడుపులో మంటుందా... జనానికి అంత ఓపికేదీ? రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఆయన బావమరిది షాపుకి పోయేవాళ్ళు.

బావమరిది మహా ఉదారుడు. చీటీలో ఏముంటే అది ఇచ్చేసేవాడు, చెవి దగ్గర్నుంచి ఫోను తియ్యకుండా.

ఇంతలో, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మామూలు మనుషుల్లా వచ్చి షాపుల్ని పరీక్షిస్తున్నారని ఓ పుకారు పుట్టింది. ఫార్మసిస్టుకి ప్రాణం లేచొచ్చింది. అద్దాలు తుడిచాడు. చొక్కా బొత్తాములన్నీ పెట్టుకున్నాడు.

శనివారం ఒకావిడ వచ్చింది. ఇస్త్రీ నలగని బట్టలు, ఖరీదైన కళ్ళజోడు. మావగారికంటూ చీటీ ఇచ్చింది. ఉత్త తెల్లకాగితం, డాక్టరు పేరు లేదు. రక్తం పలచబడటానికి బిళ్ళలు, వాటి కిందే మోకాళ్ళ నొప్పికి ఘాటైన బిళ్ళలు.

వచ్చేసింది ఇన్‌స్పెక్టరు, అనుకున్నాడు ఫార్మసిస్టు. ఆ రెండూ కలిస్తే పెద్దాయనకి కడుపులో రక్తం కారొచ్చని, ప్రాణం మీదికి రావొచ్చని విడమరిచి చెప్పాడు.

"అంటే, డాక్టరు తప్పు రాశారంటారా?" మెల్లగా అడిగిందావిడ.

"తప్పేనమ్మా. నంబరివ్వండి, ఫోన్ చేసి మార్పిస్తాను."

"ఎవరు రాసినా ఇలాగే ఫోన్ చేస్తారా?"

"ఎంత పెద్ద డాక్టరైనా సరే, వదలను."

ఆవిడ తలూపింది. చాలా మంచి పని చేస్తున్నారని మెచ్చుకుని, చీటీ తీసుకుని నేరుగా ఎదురు షాపుకి వెళ్ళింది.

ఫార్మసిస్టు గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. బావమరిది ఫోన్లో నవ్వుతూనే రెండు మందులూ కవర్లో వేసిచ్చాడు. ఆవిడేదో అడిగితే, నిక్షేపంగా వాడుకోమన్నట్టు చెయ్యూపాడు.

వీడి పని అయిపోయింది.

ఇంటికెళ్ళి, మీ తమ్ముడి షాపు మూయించేలా ఉన్నారు, కాస్త ధైర్యం చెప్పమని భార్యతో అన్నాడు. బాధగా అందామనే అనుకున్నాడు గానీ, మొహం మాట వినలేదు.

సోమవారం వీధి చివర కొత్త క్లినిక్ తెరిచారు. మెడలో స్టెతస్కోపుతో ఆవిడే గుమ్మం దాకా వచ్చి, మొదటి పేషెంటు చేతిలో మందుల చీటీ పెట్టి, బావమరిది షాపు వైపు వేలు చూపించింది.