గుడ్డబొమ్మ పాఠం

"ముందు ఆ బొమ్మని సంచిలో పెట్టెయ్యమ్మా, చూడలేక చస్తున్నాం," అన్నాడు అధ్యక్షుడు, మైకు తన వైపు లాక్కుంటూ.

వేదిక మీద నిలబడ్డ టీచరమ్మ గుడ్డబొమ్మని వదల్లేదు. బళ్ళలో లైంగిక విద్య చెప్పేవాళ్ళ సదస్సు అది. హాల్లో ఉన్నవాళ్ళంతా ఆమె పనే చేసేవాళ్ళు, అయినా అందరూ అధ్యక్షుడి మొహం వైపే చూశారు. ఈ ఊరు ఆమెకి కొత్త. బస ఇచ్చిన గదిలో కుళాయి రావడం లేదని చెప్పుకోవడానికి కూడా తెలిసిన మొహం లేదు. పొద్దున్నించీ ఎవరూ పలకరించిన పాపాన పోలేదు. అధ్యక్షుడంటే మాత్రం అందరికీ హడల్. ఈ ఊరి పెద్దబడిలో హెడ్మాస్టరుగా ఏళ్ళ తరబడి చేసి రిటైరైన మనిషి. ఆయన సరేనంటే ఆమె పాఠం అన్ని బళ్ళకీ వెళుతుంది. కాదంటే ఇన్నాళ్ళ కష్టం ఇవాళ్టితో సరి.

"బొమ్మ లేకపోతే పాఠమే లేదు సార్," అంది. "తమకి జరిగింది పిల్లలు నోటితో చెప్పలేరు. చెప్పలేనిది వేలితో చూపించొచ్చు. నా క్లాసులో మొదటి నియమం అదే."

"పిల్లలు సవాలక్ష కల్పిస్తారు. నీ బొమ్మ పుణ్యమా అని మర్యాదస్తుల పరువు బజారున పడుతుంది."

"అయినా చెబితే మాత్రం ఎవడు వింటాడు?" అని వెనక వరసలోంచి ఇంకో గొంతు లేచింది.

డ్రిల్లు మాస్టారు. పొద్దున్నించీ ఇదే వరస, ఎవరు మాట్లాడినా అడ్డు తగలడమే. టీ దగ్గర ఆమె తనే వెళ్ళి పరిచయం చేసుకోబోతే, "ఈ ఊరి బడుల సంగతి మీకేం తెలుసు? నేనిక్కడి పెద్దబడిలోనే చదివాను. మీ కబుర్లు మీ ఊళ్ళో చెప్పుకోండి," అని మొహం తిప్పుకున్నాడు.

టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముందునించి ఒకడు, వెనకనించి ఒకడు. ఇద్దరూ కూడబలుక్కునే వచ్చినట్టున్నారు.

"అయితే మీరే రండి మాస్టారూ," అంది. "మీరు పిల్లాడు, నేను టీచర్ని. నా పాఠం ఎందుకు పనికిరాదో అందరి ముందూ తేలిపోతుంది."

హాల్లో నవ్వులు లేచాయి. అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "వెళ్ళవయ్యా, తమాషా చూద్దాం."

డ్రిల్లు మాస్టారు వచ్చి చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషీ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని నేల చూపులు చూడటం మొదలుపెట్టాడు. బాగానే నటిస్తున్నాడు అనుకుంది ఆమె.

"ఆటలకి రావడం లేదేం నాన్నా?"

"రాకపోతే మీకేం?"

"నువ్వు రాకపోతే నాకు బాధగా ఉండదా?"

"అందరూ ఇలాగే అడుగుతారు. చెబితే తంతారు. మా నాన్న తన్నాడు."

"నేను తన్నను. నువ్వు చెప్పేది నమ్ముతాను."

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి."

చాలామంది టీచర్లు బోల్తాపడే చోటు ఇదే. పిల్లాడు నోరు విప్పితే చాలని ఒట్టేసేస్తారు. కావాలనే ఇరికిస్తున్నాడని ఆమెకి పంతం వచ్చింది.

"ఆ ఒట్టు వెయ్యలేను నాన్నా. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పి తీరాలి. కానీ చెప్పేటప్పుడు నీ పక్కనే నిలబడతాను."

"ఆయన చాలా పెద్ద మనిషైతే?"

"ఎవరైనా సరే."

"మీ పాఠం మూలపడేస్తే?"

"పడెయ్యనీ," అంది ఆమె. నాటకమే కదా అని తేలిగ్గా అనేసింది.

డ్రిల్లు మాస్టారు మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

అధ్యక్షుడికి విసుగొచ్చింది. "ఈ బుజ్జగింపులతో తెల్లారిపోయేట్టుంది. ఎవరు చేశారో అడుగమ్మా. నోటికొచ్చిన పేరేదో చెబుతాడు, నీ పాఠం బండారం బయటపడుతుంది."

ఆమె గుడ్డబొమ్మని డ్రిల్లు మాస్టారి ఒళ్ళో పెట్టింది.

"ఎవరు నాన్నా? చెప్పలేకపోతే చూపించు."

అతను ఎడమ అరచేత్తో బొమ్మ కళ్ళు మూశాడు. కుడిచెయ్యి మెల్లగా లేచింది. చూపుడువేలు ఆమెని దాటి, మైకుని దాటి, మధ్య కుర్చీలో ఇంకా నవ్వుతూనే ఉన్న అధ్యక్షుడి మీద ఆగింది.