అర్చన అర్రలో తుపాకుల మోత

పొద్దుగూకితే అర్చన అర్రలో తుపాకులు మోగేవి. ఆ మోత విన్నప్పుడల్లా నవనీతకు కడుపు భగ్గుమనేది.

నిజం తుపాకులు కావు లెండి. నవనీత మరిది శ్రవణ్ కుమార్ బిజినేపల్లిలో ఓ ప్రైవేటు బడిలో సారు. బడివాళ్లు కొత్తవి కొనుక్కుని, పాత కంప్యూటర్ ఒకటి అతనికి ఇచ్చేశారు. రెండువేల ఆరులో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో, ఇంట్లో కంప్యూటరంటే మాటలా? బడి నుంచి రాగానే చొక్కా కూడా మార్చకుండా దాని ముందు కూర్చునేవాడు. తెర మీద దొరికినవాణ్ని దొరికినట్టు కాల్చేవాడు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. ఆడి ఆడి, కళ్లు మూతలు పడ్డాక అట్లాగే పోయి పడుకునేవాడు.

అర్చన అతని భార్య. నవనీతకు తోడికోడలు. ఇద్దరివీ పక్కపక్క అర్రలు, రెండు గదులకూ మధ్య ఒకటే గోడ. ఒకే చేలో పత్తి ఏరేవాళ్లు, ఒకే పొయ్యి మీద వండేవాళ్లు. కంప్యూటర్ వచ్చేదాకా ఇద్దరిదీ ఒకటే బతుకు.

వచ్చాక అర్చన మారిపోయింది. ఒళ్లు చేసింది. వాకిలి ఊడుస్తూ కూనిరాగాలు తీసింది. మొగుడు లోపల తుపాకులు పేలుస్తుంటే, ఆమె బయట గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని, తీరిగ్గా పల్లీలు ఒలుచుకు తినేది. కరెంటు పోతే మాత్రం ముఖం పాలిపోయేది. "జెల్ది రానీ దేవుడా" అని కరెంటు స్తంభం వైపు తిరిగి దండం పెట్టేది.

"గా డబ్బా అంటే గంత పానమా నీకు?" అని ఒకనాడు నవనీత ఎత్తిపొడిచింది.

"అవునక్కా" అంది అర్చన. కాస్త దాచుకుందామని కూడా లేదు మహాతల్లికి.

నవనీత మొగుడు నరేందర్ సేద్యం చూసుకునేవాడు. దీపాలవేళకు ఇల్లు చేరేవాడు. ఆ తర్వాత అతనికి పనేమీ ఉండేది కాదు.

"తమ్ముని దిక్కు పోయి జరసేపు ఆడుకోరాదు?" అని నవనీత అడిగి చూసింది.

"చిన్నోని అర్రల నాకేం పని?" అన్నాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నవనీతది ఆ బాపతు ఓర్వలేనితనం కాదు. తోడికోడలి కొత్త చీర చూసి, బంగారు కమ్మలు చూసి ఆమె ఏనాడూ కుళ్లుకోలేదు. ఈ ఒక్క డబ్బా దగ్గరే ఆగలేకపోయింది. గోడ అవతల తుపాకులు పేలినంతసేపూ ఇవతల పళ్లు నూరేది. అది తన అర్రలోకి రావాలి. ఎట్లాగైనా రావాలి.

దారి అత్త నర్సమ్మే చూపింది. ఇట్లాంటి ఆటలు ఆడేవాళ్లు నిజంగానే మనుషుల మీద పడతారని టీవీలో ఎవరో డాక్టరు చెప్పాడట.

"దినాం గంతమందిని సంపుతుండు. చెయ్యి మరిగినంక ఊకుంటదా? రేపు ఎవర్నన్న నిజంగ సంపితే?" అని ఆమె పరేషాన్ అయింది.

నవనీత ఎగదోసింది. "గా సప్పుడింటెనే నాకు గుండె దడదడంటది అత్తమ్మా. మొన్న బువ్వకు పిలుస్తే గుడ్లురిమి సూసిండు."

ఇంకేం, పంచాయితీ మామ దశరథం ముందుకు వచ్చింది. శ్రవణ్ కుమార్ లబోదిబోమన్నాడు.

"ఉత్త ఆటనే నాయినా. ఆట ఆడితే మనిషి పాడైతడా?"

"కొట్టుడు, సంపుడు మన ఇంటా వంటా లేదు" అంది నర్సమ్మ. "ఎన్నడన్న ఎవరి మీదన్న చెయ్యి లేసిందా? ఊర్ల ఎవర్నన్న అడుగు."

దశరథం తలూపాడు. "నిజమే. మంచోళ్లని పేరున్నది మనకు. డబ్బా అమ్మేయ్."

అర్చన పరుగున వచ్చి మామ కాళ్ల మీద పడింది.

"వద్దు మామా. ఆయనను ఆడుకోనియ్యుండ్రి. నీ కాల్మొక్త."

మొగుడి ఆట కోసం పెళ్లాం ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అందరూ నోరు తెరిచారు. ఎందుకేడుస్తున్నదో నవనీతకు తెలుసు. తెలిసీ జాలి పడలేదు. ఇన్నాళ్లు సుఖపడ్డది చాలదా, ఇంకెంత కావాలి అనుకుంది.

"అమ్ముడెందుకు మామా? మా అర్రల పెట్టుండ్రి."

"నీకెందుకే? దాన్ని తెరిచేది తెల్సా నీకు?" అంది నర్సమ్మ.

"నాకు గాదు. మీ పెద్దకొడుకు ఆడుతడు."

నర్సమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పెద్దకొడుకు అనేసరికి ఆమె ముఖం మెత్తబడింది. "వాడైతే ఫికర్ లేదు. నా పెద్దోడు చీమకు గూడ హాని చెయ్యడు."

డబ్బా ఆ పూటే పక్క అర్రలోకి మారింది. నరేందర్ మొదట విసుక్కున్నాడు. నవనీత బతిమాలింది, బుజ్జగించింది, పక్కనే కూర్చుని మౌస్ చేతిలో పెట్టింది. తెర మీద ఒకడు కూలాడు. నరేందర్ కళ్లు మెరిశాయి. ఇంకొకడు కూలాడు. ఆ రోజు అన్నానికి పిలిచినా లేవలేదు.

నవనీత వాకిట్లోకి వచ్చి హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. శ్రవణ్ కుమార్ ఏమీ తోచక అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. అర్చన వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆదివారం తలస్నానాలప్పుడు తోడికోడళ్లు ఎప్పటిలాగే ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నారు. నవనీత వీపు మీద మొగుడి బెల్టు వాతలన్నీ మానుతున్నాయి, పచ్చివి అర్చన వీపు మీద ఉన్నాయి.