నీలిచార వంపు

"ఇది గూడ తిన్నగనే వచ్చిందక్కా," అన్నాడు నేతగాళ్ల సంఘం పెద్ద రాజమల్లు, మగ్గం మీంచి దించిన జంపఖానాను నేల మీద పరుస్తూ.

చిలుకమ్మ వంపు లేని నీలిచారను వేలితో తడిమింది. కాశిబుగ్గలో నలభై ఏళ్లుగా నేస్తున్న చేతులవి. కళ్లు మూసుకున్నా ఆగవని పేరు.

రెండు నెలల కింద ఆమె నేసిన నమూనాలో నీలిచార ఒకచోట నీళ్ల అలలా వంగింది. విదేశంలో కొనేవాడికి ఆ వంపే నచ్చి, అలాంటివి నలభై కావాలన్నాడు. సరుకు నమూనాలాగే ఉండాలి, తేడా వస్తే తిప్పి పంపుతారు. ఎగుమతి నియమం అది. ఈ ఆర్డరు పోతే సంఘం షెడ్డు మూతే. వారం నుంచి ఆ దిగులుతో చిలుకమ్మకు కంటి మీద కునుకు లేదు. ఎంత నేసినా వంపు మాత్రం రావడం లేదు.

అన్నాలు తిన్న వేళకు సుబేదారిలోని ఆఫీసు నుంచి స్నేహలత వచ్చింది. నేతగాళ్లకు ఎగుమతి పాఠాలు చెప్పే ఆఫీసరు.

"బిడ్డా, ఆ దినం నువ్వు ఓడల ముచ్చట చెప్తాంటెనే గిది వంగింది. మళ్లొక్కపారి చెప్పరాదు," అంది చిలుకమ్మ.

స్నేహలత పొంగిపోయింది. తన పాఠం మళ్లీ అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. కాగితాలు తీసి నెమ్మదిగా చదవసాగింది. సరుకు ఓడ ఎక్కేదాకా పూచీ మనది, ఎక్కాక కొన్నవాడిది. ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం వెంట ఉండాలి. అక్కడి రేవులో సుంకం కొన్నవాడే కట్టుకోవాలి.

మగ్గం చప్పుడు నిదానించింది. కిటికీలోంచి వెచ్చని గాలి వచ్చి నూలు మీద తేలింది. షెడ్డులోకి సముద్రమే వచ్చినట్టుంది. నూలు కండెల మధ్య నుంచి ఓడలు చప్పుడు లేకుండా సాగిపోతున్నాయి. చిలుకమ్మ ప్రతి నియమానికీ తల ఊపుతూ నూలు లాగుతోంది. నీలిచార కొంచెం ఒరిగింది, లేచింది, మెల్లగా వంగింది.

రాజమల్లు నమూనాను దాని పక్కన పెట్టి పోల్చి చూశాడు. అచ్చం అదే అల.

"మేం గూడ గదే పాఠం విన్నం మేడం. మాకేం ఎక్కలే," అన్నాడు గొంతు తగ్గించి.

అలా మనసుపెట్టి వినేవాళ్లు ఒక్కరుంటే చాలంది స్నేహలత. మిగిలినవి అయ్యేదాకా రోజూ వచ్చి చెబుతానంది. తర్వాత మగ్గం మీదికి వంగి, "అమ్మా, అన్నీ అర్థమైనయా?" అని ప్రేమగా అడిగింది.

చిలుకమ్మ సన్నగా గురకపెట్టింది.