పచ్చ మచ్చల తాబేలు

"మేడమ్, మా తాబేలు వీపు మీద పచ్చ మచ్చలు లేసినాయి. పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతాండాది!"

ఫోన్లో మగగొంతు ఏడ్చేలా ఉంది. డాక్టర్ దీవెన కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

కొండాపూర్‌లోని ఆ జంతువుల క్లినిక్‌లో ఆమె చేరి మూడు నెలలైంది. వచ్చేవన్నీ కుక్కలూ పిల్లులే. వాటిలో ఒకటి ఆమెను కరిచింది. ఇద్దరు యజమానులు ఆమె మీద ఫిర్యాదు చేశారు. "ఈసారి వచ్చే కేసు నయం చేసి చూపించమ్మా. లేదంటే ఇంకో చోటు చూసుకో" అని క్లినిక్ యజమాని ఆనందరావుగారు పొద్దున్నే తేల్చేశారు. సరిగ్గా ఆ రోజే తాబేలు! చదువుకునే రోజుల నుంచీ దీవెనకు తాబేళ్లంటే ప్రాణం.

"కంగారు పడకండి. మీ పేరు?"

"తిమ్మప్ప. మాది అనంతపురం. ఈడ నార్సింగిలో రియల్ ఎస్టేట్ ఆఫీసు. తాబేలు మచ్చలని ఫోన్లో ఎతికితే మీ నంబరే వచ్చినాది."

"దాన్ని ఎక్కడ ఉంచుతున్నారండీ?"

"నా గదిలోనే. నీళ్ల పళ్లెంలో."

"ఇరవై నాలుగు గంటలూ నీళ్లలోనేనా? ఎండ తగలదా?"

"ఏసీ గదిలో ఎండ యాడిది మేడమ్?"

దీవెన తల పట్టుకుంది. ఎండ లేదు, ఒళ్లు ఆరదు. పెంకు పాడవక ఏం చేస్తుంది?

"ముందు నీళ్లలోంచి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి పొడిగా పెట్టండి."

"అమ్మో! నీళ్లు ఎండగూడదని అమ్మినాయన గట్టిగా చెప్పినాడు."

అమ్మేవాళ్లకేం, నోటికొచ్చింది చెబుతారు. అనుభవించేది మూగప్రాణి. దీవెనకు ఒళ్లు మండింది.

"సరే, ఒక ఫొటో పంపండి."

"ఫొటో తీస్తే దిష్టి తగులుతాది మేడమ్."

"తిండి?"

"తిండీ నిద్రా రెండూ పోయినాయి! పదైదు దినాల నుంచి ఇదే గోస. ఒక్క ప్లాటు అమ్ముడుపోతే ఒట్టు!"

పాపం, బెంగతో వ్యాపారం కూడా మానుకున్నట్టున్నాడు. ఇంత ప్రేమించే మనిషిని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. "వస్తున్నానండీ" అని బ్యాగు సర్దుకుంది. అయోడిన్, ఫంగస్ పూతమందు, ఇంజెక్షన్లు, ఎండలా వెచ్చదనమిచ్చే చిన్న దీపం. ఏదైనా మరిచిపోయానేమోనని రెండోసారి లెక్కచూసుకుంది.

గచ్చిబౌలి ట్రాఫిక్‌లో స్కూటీ మీద ఉడికిపోతూ ఆమె ఒకటే ప్రార్థించింది. పెంకు మెత్తబడి ఉండకూడదు. మెత్తబడితే తాబేలూ దక్కదు, ఉద్యోగమూ దక్కదు.

ఆఫీసులో అందరూ దవాఖాన వరండాలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. రిసెప్షన్‌లో ఉన్న సుష్మ గుసగుసగా అంది. "జర జల్దీ చూడండి మేడమ్. సార్ పొద్దుగాల్నుంచి ఛాయ్ గూడ ముట్టలే. మా జీతాలన్నీ దాని మీదనే ఉన్నయంటున్నడు."

తిమ్మప్ప రెండు చేతులతో పళ్లెం పట్టుకొచ్చి, నీళ్లు తొణక్కుండా బల్ల మీద పెట్టాడు.

"మీరే కాపాడల్ల మేడమ్. దీనికేమన్నా అయితే నేను మూట సర్దుకోని ఊరికి పోవాల్సిందే."

దీవెన వంగి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలితో పెంకు మీద తట్టింది. గట్టిగానే ఉంది.

"నయమైతాదా మేడమ్?"

"ఎందుకవదండీ! సాయంత్రానికల్లా అవుతుంది" అంది దీవెన, మూడు నెలల్లో మొదటిసారి ధైర్యంగా.

తర్వాత మందుల చీటీ తీసి, గుండ్రని అక్షరాలతో ఇలా రాసిచ్చింది: "నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, ఇత్తడి తళతళలాడే దాకా తోమవలెను."